ఘాటీ ఎక్కే కారుకి సైలెన్సర్ మార్చడం: గొంతూ లాగుడూ రెండూ దక్కాలంటే

మా షెడ్డు కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో, 26వ నంబరు హైవే పక్కన. కిందనుంచి వచ్చే బండి సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి మీదుగా మా గుమ్మం ముందునుంచే జయపురం పోవాలి. పోయే బండి చప్పుడు విని సైలెన్సర్ ఎక్కడ పగిలిందో చెప్పడం ఆ రోడ్డే నాకు నేర్పింది. ఆర్క్ వెల్డింగ్ సాలూరు లారీ షెడ్లలో నేర్చుకున్నాను. టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ వాయువు అండతో చేసే సన్నని వెల్డింగ్) మాత్రం పక్కనే సునాబెడలో, మిగ్ విమానాల ఇంజిన్లు చేసిన హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేతిపట్టి నేర్పారు. గొట్టం లోపలి కుట్టు, అంటే వెల్డింగ్ అతుకు, చూడందే బయటి కుట్టు మెచ్చుకోవద్దనేవారు ఆయన. ఆ మాట ఈ పనిలో అడుగడుక్కీ పనికొస్తుంది.

కిందటేడు దసరా ముందు పార్వతీపురం నుంచి ఒక కుర్రాడు స్విఫ్ట్ తెచ్చాడు. 1.2 లీటర్ పెట్రోలు, పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఎక్కడో ఒక షాపులో కింద ఉన్న రెండు సైలెన్సర్ డబ్బాలూ పీకించి, రెండున్నర అంగుళాల పైపు చివరిదాకా తిన్నగా వేయించుకున్నాడు. వెనక సీట్లోంచి వాళ్ల నాన్నగారు దిగుతూ చెవుల్లో దూది తీశారు.

"మావయ్యా, సౌండు బాగానే ఉంది గానీ ఘాటీలో బండి లాగట్లేదు. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపులు ఇప్పుడు రెండుకి దించితే గానీ ఎక్కట్లేదు. ఏటైందంటారు?" అన్నాడు కుర్రాడు.

"ఇంజిన్‌కేటీ అవలేదు బాబూ. దానికి సరిపడని గొట్టం తగిలించారు" అన్నాను.

ఆ బండికి చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. మీ బండి వేరే అయినా పద్ధతి ఇదే.

ముందుగా ఒక మాట ఖరాఖండిగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 వరకూ జరిమానా, మూడు నెలల వరకూ జైలు ఉన్నాయి. వాటికి తోడు మూడు నెలలు లైసెన్సు పోతుంది. కొత్త కారు ఫ్యాక్టరీ పరీక్షలో, 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలిస్తే 74 డెసిబెల్స్ లోపు ఉండాలి. అందుకే నా దగ్గరికొచ్చిన ఎవరికైనా రెండు షరతులు పెడతాను. క్యాటలిటిక్ కన్వర్టర్ (మేం క్యాట్ అంటాం) ముట్టుకోను. డబ్బా లేకుండా వట్టి పైపు వెయ్యను. ఇవి ఒప్పుకుంటేనే పిట్ మీదకి బండి ఎక్కిస్తాను. ఇన్సూరెన్సు, వారంటీ సంగతి కూడా ముందే కనుక్కుని రమ్మంటాను.

క్యాట్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని సందుల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని పెట్రోలునీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ విరిచేది ఆ పూతే. సుమారు 250, 300 డిగ్రీలు వేడెక్కితే గానీ అది పని మొదలెట్టదు. అందుకే ఇప్పటి కార్లలో దాన్ని మానిఫోల్డ్‌కి (సిలిండర్ల పొగనంతా ఒక గొట్టంలోకి కలిపే భాగానికి) ఆనించి, ఇంజిన్ పక్కనే పెడుతున్నారు. మానిఫోల్డ్ మార్చి పొడుగు హెడర్ (సిలిండర్‌కో గొట్టం ఉండే మానిఫోల్డ్) వేయిస్తే పవర్ వస్తుందని చెప్పేవాళ్లు, ఆ మార్పులో క్యాట్ పోతుందన్న మాట చెప్పరు. క్యాట్ వెనకున్న ఆక్సిజన్ సెన్సరు తేడా కనిపెట్టి పీ0420 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. ఆ సెన్సర్‌ని మోసం చేసే స్పేసర్లు అమ్ముతారు. కొనకండి. మా కొండల్లో రోడ్డు పక్కనే ఊళ్లున్నాయి. శుక్రవారం కుందులి సంతకి తెల్లారకుండానే తలమీద గంపలతో జనం వరసగా నడుస్తుంటారు. ఆ పొగ నేరుగా వాళ్ల ముఖాలకే కొడుతుంది.

అందుకని మనం చేసే మార్పంతా క్యాట్ వెనకనుంచే.

ఇక లాగుడు ఎందుకు పోయిందో చూద్దాం. "ఇంజిన్‌కి కాస్త బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అని ప్రతి మెకానిక్కూ అంటాడు. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. ఆ మాటలో సగమే నిజం. బ్యాక్ ప్రెషర్, అంటే పొగని బయటికి పోనివ్వకుండా వెనక్కి నెట్టే ఒత్తిడి, ఏ ఇంజిన్‌కీ మేలు చెయ్యదు. మేలు చేసేది గొట్టంలో పొగ వేగం. సిలిండర్‌లోంచి పొగ ఒక్కసారిగా బయటపడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. దూసుకుపోయే ప్రతి విడత వెనకా కాస్త వెలితి మిగులుతుంది. ఆ వెలితి తర్వాత సిలిండర్ పొగని లాక్కుంటుంది, కొత్త గాలికి చోటు చేస్తుంది. గొట్టం మరీ వెడల్పైతే పొగ నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది, ఆ లాక్కోవడం ఉండదు. పై ఆర్‌పీఎంలో పొగ ఎక్కువ కాబట్టి ఈ నష్టం తెలియదు. కింద, 1,500 నుంచి 3,000 మధ్య తెలుస్తుంది. ఘాటీ మలుపులో మన ఇంజిన్ తిరిగేది సరిగ్గా అక్కడే.

లెక్క చూడండి. లోపలి కొలత 44 మిల్లీమీటర్లున్న పైపు, అంటే ఒకటిముప్పావు అంగుళం, దాదాపు 1,520 చదరపు మిల్లీమీటర్ల దారి ఇస్తుంది. 63 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలైతే 3,100 పైన. అంకెల్లో ముప్పావు అంగుళమే తేడా, దారి మాత్రం రెట్టింపు. అదే పొగ సగం వేగంతో నడుస్తుంది. ఆ కుర్రాడి బండికి జరిగింది ఇదే. పైగా మా సిమిలిగుడ సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన. టర్బో (గాలిని బలవంతంగా ఇంజిన్‌లోకి తోసే పంపు) లేని ఇంజిన్ ఇక్కడ బలంలో దాదాపు పదో వంతు కోల్పోతుంది. కింద పార్వతీపురంలో 83 గుర్రాలున్న (హార్స్‌పవర్) ఇంజిన్ ఇక్కడికొచ్చేసరికి 75 గుర్రాలే. అసలే తగ్గినదాంట్లోంచి ఇంకా పోగొట్టుకోకూడదు కదా.

నేను వాడే కొలతలు చెబుతాను. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ 60 నుంచి 100 గుర్రాల మధ్యదైతే ఒకటిముప్పావు అంగుళం చాలు. 100 నుంచి 130 మధ్యైతే రెండంగుళాలు. ఆ పైన రెండుంబావు. చిన్న కార్లలో కంపెనీ పైపు ఒకటిన్నర నుంచి ఒకటిముప్పావు మధ్యే ఉంటుంది కాబట్టి, సగం మందికి పైపు మార్చాల్సిన పనే లేదు. అడ్డంకి వెనక డబ్బాలోనూ, వెనక యాక్సిల్ మీదుగా వంచినచోట నలిగిన వంపులోనూ ఉంటుంది.

పవర్ ఎంత పెరుగుతుందని అడుగుతారు. 1.2 లీటర్ ఇంజిన్‌కి క్యాట్ వెనక భాగం ఎంత బాగా చేసినా రెండు మూడు గుర్రాలొస్తే గొప్ప. పది, పదిహేను వస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, టైరులో గాలి ముందు సరిచూసుకోండి. ఆ మూడూ బాగులేని బండికి సైలెన్సర్ మార్చడం దండగ. టర్బో పెట్రోలు బళ్లలో మాత్రం టర్బో తర్వాత దారి ఎంత ఖాళీగా ఉంటే అంత మేలు. అక్కడ ఒక సైజు పెద్ద పైపు వేసినా నష్టం లేదు. డీజిలు బండి తెచ్చినవాళ్లని వెనక్కి పంపేస్తాను. డీపీఎఫ్ (డీజిలు పొగలో మసిని పట్టే వడపోత) పీకడం తప్పు, టర్బో డీజిల్‌కి డబ్బా మారిస్తే వచ్చే గొంతు కూడా ఏమంత బాగుండదు.

గొంతు సంగతి

డబ్బా రెండు రకాలు. కంపెనీ డబ్బాలో గదులుంటాయి. పొగ ఒక గదిలోంచి ఇంకో గదికి చిల్లుల గొట్టాల్లోంచి వెనక్కీ ముందుకీ తిరుగుతుంది. శబ్దం తనని తాను ఢీకొని చచ్చిపోతుంది, పొగ కూడా తిప్పలు పడుతుంది. రెండోది తిన్నటి డబ్బా. మధ్యలో సన్నటి చిల్లుల గొట్టం, చుట్టూ ఉన్ని, పైన తొడుగు. పొగ తిన్నగా పోతుంది, కీచు శబ్దాలు ఉన్నిలో ఇంకిపోతాయి, బొంగురు మాత్రం బయటికొస్తుంది. మనకి కావాల్సింది ఇదే. చిల్లుల గొట్టం కొలత మీ పైపు కొలతకి సమానంగా ఉండాలి. డబ్బా పొడవు 40 సెంటీమీటర్లకి తగ్గితే గోలే తప్ప గొంతు రాదు. ఉన్ని కూరడంలో ఒక కిటుకుంది. చిల్లుల గొట్టానికి ముందు ఉక్కు ఉన్ని ఒక వరస చుట్టి, దాని మీద గాజు ఉన్ని చుట్టాలి. గాజు ఉన్ని నేరుగా చుడితే వేడికి పొడై, చిల్లుల్లోంచి పొగతో పాటు ఎగిరిపోతుంది. కొన్నాళ్లకి డబ్బా వట్టి డొల్ల.

మధ్యలో ఉండే చిన్న డబ్బాని, రెజొనేటర్ అంటారే, దాన్ని తియ్యకండి. మొదట వెనక డబ్బా ఒక్కటే మార్చి నెల రోజులు నడపండి. పదిమందిలో ఎనిమిదిమందికి అక్కడితో తృప్తి కలుగుతుంది.

ఇంకో మాట. గొంతు ఇంజిన్ పుట్టుకలో ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 100 సార్లు పేలుతుంది, మూడు సిలిండర్లది 75 సార్లు. 2024లో వచ్చిన స్విఫ్ట్ మూడు సిలిండర్లది. దానికి ఏ డబ్బా వేసినా పాత స్విఫ్ట్ గొంతు రాదు. ఫోనులో వీడియో చూపించి "ఇలాగే రావాలి" అంటే నేను ముందు అడిగేది ఆ బండికి సిలిండర్లెన్ని అని.

తర్వాత వచ్చే తలనొప్పి హోరు. ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే ఎక్కి 80 దగ్గర నిలకడగా వెళ్తుంటే బండంతా హూమని ఒకటే మోత. వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పుతుంది. ఆ కుర్రాడి నాన్నగారు దూది పెట్టుకున్నది దీనికే. డబ్బా ఇంకొకటి తగిలిస్తే ఇది పోదు. దీనికి మందు పక్క గొట్టం, అంటే ప్రధాన పైపు నుంచి చీల్చి, చివర మూసేసిన ఒక కొమ్మ. హోరు ఏ ఆర్‌పీఎం దగ్గరో చూడండి. ఆ కుర్రాడి బండిలో 2,700. నాలుగు సిలిండర్లు కాబట్టి సెకనుకి 90 సార్లు. వెనక పైపులో పొగ 200 డిగ్రీల వేడిలో ఉందనుకుంటే శబ్దం సెకనుకి సుమారు 435 మీటర్లు పోతుంది. 435ని 90తో, మళ్లీ 4తో భాగిస్తే 1.2 మీటర్లు. అంత పొడవు కొమ్మలోకి వెళ్లిన శబ్దం తిరిగొచ్చేసరికి ఎదురు అలగా మారి, హోరుని అక్కడికక్కడే కొట్టేస్తుంది. కొమ్మలో పొగ కదలదు కాబట్టి కాస్త చల్లగా ఉంటుంది, అసలు పొడవు లెక్క కంటే తక్కువే పడుతుంది. అందుకని 120 సెంటీమీటర్లతో మొదలెట్టి, మూతకి రెండు టాకులే (తాత్కాలికంగా పట్టి ఉంచే వెల్డింగ్ చుక్కలు) పెట్టి, రోడ్డు మీద చూసుకుంటూ అంగుళం చొప్పున తగ్గించాలి. మాకు 114 దగ్గర కుదిరింది. అంత పొడవు కొమ్మని ప్రధాన పైపు పక్కనే చేతికర్ర పిడిలా వంచి పడుకోబెట్టాం. పవర్ ఒక్క పిసరు తగ్గదు, ఎందుకంటే పొగ దారిలో అదేమీ అడ్డు కాదు.

పని మొదలెట్టే ముందు రోజు

సామాను. స్టెయిన్‌లెస్‌లో 304 అనే రకం అడగండి, మందం 1.5 మిల్లీమీటర్లు. అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. 304కి అంటదు. కంపెనీ పైపులు ఎక్కువగా 409, దానికి అంటుతుంది. 409 కూడా మంచిదే, పైన తుప్పు మరక పడుతుంది గానీ త్వరగా తినెయ్యదు. మామూలు ఇనుప పైపు మా వర్షాలకి రెండు మూడేళ్లు. నీళ్ల కుళాయిల జీఐ పైపు మాత్రం చచ్చినా వాడొద్దు. దాని మీది జింకు వెల్డింగ్ వేడికి తెల్లటి పొగై లేస్తుంది, పీలిస్తే రాత్రికి చలిజ్వరం. సాలూరులో పని నేర్చుకునే రోజుల్లో నేను పడ్డాను, దుప్పట్లు రెండు కప్పినా వణుకు ఆగలేదు.

వంపులు మాండ్రెల్ (పైపు నలగకుండా లోపల పెట్టే దిమ్మ) మీద వంచినవి కొనుక్కోండి. మామూలు ప్రెస్సులో వంచితే లోపలి వైపు నలిగి దారి తగ్గిపోతుంది, కంపెనీ పైపులో మనం తప్పుపట్టింది అదే కదా. పాతకాలంలో పైపులో ఎండు ఇసుక దట్టించి, రెండు కొసలూ బిరడా కొట్టి, గ్యాసు మంట మీద వంచేవాళ్లం. ఇనుప పైపుకి ఇప్పటికీ ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది.

ముందురోజు సాయంత్రం బండి చల్లారాక అన్ని బోల్టులకీ తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలెయ్యండి. పొద్దున్న ఇంకోసారి. ఆత్రపడి తిప్పితే ఫ్లాంజ్ (రెండు పైపుల్ని బోల్టులతో కలిపే బిళ్ల) బోల్టు తల తెగి, ఆ రోజంతా డ్రిల్లింగులోనే పోతుంది.

విప్పడం, కట్టడం

జాకీ మీద ఎత్తిన బండి కిందకి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టండి. బ్యాటరీ నెగిటివ్ తీసెయ్యండి. రబ్బరు హ్యాంగర్లకి సబ్బు నీళ్లు రాసి స్క్రూడ్రైవర్‌తో నెడితే సుఖంగా ఊడతాయి. కొయ్యకండి, ఆ రబ్బర్లే మళ్లీ కావాలి. ఏ రబ్బరు ఎక్కడుందో ఫోటో తీసుకోండి.

కంపెనీ సైలెన్సర్‌ని ఎట్టి పరిస్థితిలోనూ కొయ్యొద్దు. ఫ్లాంజ్ దగ్గర విప్పి పక్కన పెట్టండి. కొన్ని బళ్లలో మధ్య పైపూ వెనక డబ్బా ఒకే ముక్కగా వస్తాయి. అలాంటప్పుడు పాతసామాను కొట్టులో అదే మోడల్ పాతది ఒకటి కొని దాన్ని కొయ్యండి. రేపు పరీక్షకో, అమ్మకానికో అసలుది చెక్కుచెదరకుండా మీ దగ్గర ఉండాలి.

దారి కొలవడానికి 8 ఎంఎం రాడ్డు వంచి, పాత పైపు పోయిన దారినే పోనిచ్చి చూస్తాను. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నా మొదటి కారు పనిలో బండిని జాకీ మీద లేపి, వెనక చక్రాలు వేలాడుతుండగా పైపు బిగించాను. యాక్సిల్‌కీ పైపుకీ మధ్య మూడు వేళ్ల సందు, బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. బండి కిందకి దించాక యాక్సిల్ పైకి లేచింది. వెనక ముగ్గురు కూర్చుని పొట్టంగి దారిలో గుంతలో పడగానే టంగుమని పైపుకి కొట్టింది. పాపం ఆ ఇంటివాళ్లు అరకు దాకా ఆ చప్పుడుతోనే వెళ్లొచ్చారు. పైసా తీసుకోకుండా మొత్తం మళ్లీ చేశాను. అప్పట్నుంచి టాకులు పెట్టేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి, ర్యాంపు మీదో పిట్ మీదో. వెనక సీట్లో రెండు సిమెంటు బస్తాలు వేసి కూడా చూస్తాను. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు, రబ్బరు తొడుగులు వీటన్నిటికీ కనీసం అంగుళం దూరం, అంతకంటే దగ్గరైతే మధ్యలో వేడి ఆపే రేకు.

పైపు పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి. 304 పైపు రెండు మీటర్లుంటే, 300 డిగ్రీలు వేడెక్కేసరికి సెంటీమీటరు పొడుగవుతుంది. ముందు ఫ్లెక్స్ పైపు (అటూ ఇటూ వంగే ముక్క), వెనక రబ్బర్లు ఆ సెంటీమీటరుకి చోటివ్వాలి. గట్టిగా ఇనుప క్లాంపుతో బాడీకి బిగిస్తే ఎక్కడో ఒక కుట్టు చీలుతుంది.

బండి కింద టాకులే పెట్టాలి. అసలు కుట్టు బల్ల మీద. ఆక్సిజన్ సెన్సరు దగ్గర్లో వెల్డింగ్ చెయ్యాల్సొస్తే దాన్ని ముందే విప్పి గుడ్డలో చుట్టి పెట్టండి.

కుట్టు గురించి మా గురువుగారి మాట ఇక్కడ అక్షరాలా నిజం. స్టెయిన్‌లెస్ పైపుని బయట ఎంత అందంగా కుట్టినా, లోపలివైపు గాలి తగిలితే ఆ వేడికి లోహం మాడి, నల్లటి బెల్లం గడ్డలా పొక్కుతుంది. వేలు పెట్టి తడిమితే గరుకుగా గుచ్చుకుంటుంది. పగులు మొదలయ్యేది అక్కడే, పొగ తడబడేదీ అక్కడే. దీనికి విరుగుడు లోపల కూడా ఆర్గాన్ నింపడం. పైపు ఒక కొసకి వంటింటి అల్యూమినియం రేకు చుట్టి టేపు వేస్తాను. దానికి చిన్న కన్నం చేసి ఆర్గాన్ గొట్టం దూరుస్తాను. రెండో కొసా రేకుతో మూసి, గాలి బయటికి పోయేందుకు పెన్సిలు మొన అంత రంధ్రం వదులుతాను. ఆర్గాన్ గాలి కంటే బరువు, కాబట్టి పైపు నిలబెడితే కిందనుంచి పట్టి పై రంధ్రంలోంచి గాలిని తోసెయ్యాలి. రెండు మూడు నిమిషాలు ఆగి అప్పుడు ఆర్క్ కొడతాను. సరిగ్గా పడితే లోపలి కుట్టు గడ్డిరంగులోనో లేత నీలంలోనో మెరుస్తుంది. నల్లగా ఉంటే కోసి మళ్లీ చేస్తాను. 304ని 304కి కలిపితే 308ఎల్ రాడ్డు, 304ని కంపెనీ 409 ఫ్లాంజ్‌కి కలిపితే 309ఎల్. ఈ రాడ్లు మార్చి వాడితే మొదట్లో ఏమీ తెలియదు, ఏడాదికి కుట్టు పక్కనే గీత పడుతుంది.

డబ్బా అడుగున, అన్నిటికంటే పల్లం ఉన్నచోట, 2 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి వెయ్యండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. బండి బాగా వేడెక్కితే అవి ఆవిరై పోతాయి. ఇంటినుంచి బజారుకి, బజారునుంచి ఇంటికి తిరిగే బండిలో డబ్బాలోనే నిలిచి లోపలనుంచి తినేస్తాయి. టెయిల్ పైపు కొస బంపరు దాటి బయటికి రావాలి. బండి కిందే ఆపేస్తే పొగ వెనక తలుపు సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది.

బిగించాక

ఫ్లాంజులకి కొత్త ప్యాకింగులే వెయ్యండి, పాతవి తిరగేసి వెయ్యొద్దు. తర్వాత లీకు పరీక్ష. వాక్యూమ్ క్లీనర్ ఊదే వైపు గొట్టాన్ని టెయిల్ పైపులో పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి ఆన్ చెయ్యండి. ప్రతి కుట్టు మీదా, ఫ్లాంజు మీదా సబ్బు నురగ రాయండి. బుడగ లేచినచోట లీకుంది. ఇంజిన్ నడుస్తుండగా చెయ్యి పెట్టి వెతకడం కంటే ఇది నూరుపాళ్లు నయం. లీకు సెన్సర్‌కి ముందుంటే ఇంకా చేటు. బయటి గాలి లోపలికి చొరబడుతుంది, కంప్యూటరు పెట్రోలు చాల్లేదనుకుని ఇంకా పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. చలికాలంలో మా కొండమీద అందరూ అద్దాలెత్తుకునే నడుపుతారు. కింద లీకుంటే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా రంగూ ఉండవు, నిద్రొచ్చినట్టుంటుంది, అంతే. అందుకే షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపను, మీరూ నడపొద్దు.

అడ్డంకి తగ్గిందో లేదో మాటల్లో కాదు, గేజిలో చూడండి. క్యాట్ ముందున్న ఆక్సిజన్ సెన్సరు విప్పితే ఆ మర ఎం18, పిచ్ 1.5. దానికి సరిపడే అడాప్టరుకి జానెడు రాగి గొట్టం, ఆ తర్వాత రబ్బరు, చివర చిన్న ప్రెషర్ గేజి తగిలించండి. రాగి లేకుండా నేరుగా రబ్బరు పెడితే కరిగిపోతుంది. బండి నిలబెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 3 పీఎస్‌ఐ లోపు ఉండాలి. దాటితే ఎక్కడో మూసుకుంది, చాలాసార్లు ఆ దోషం పాత క్యాట్‌దే. ఈ కొలత పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసి రాసుకోండి. శబ్దానికీ అంతే. టెయిల్ పైపు కొసకి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల వాలున, అదే ఎత్తులో ఫోను పెట్టి, అదే ఆర్‌పీఎం దగ్గర ముందూ తర్వాతా కొలవండి. ఫోను చూపే అంకె ఖచ్చితం కాకపోయినా తేడా తెలుస్తుంది. నాలుగు డెసిబెల్స్ పెరిగితే నేను అక్కడ ఆపేస్తాను. పది పెరిగిందంటే మనిషి చెవికి రెట్టింపు గోల.

లాగుడుకి మా పరీక్ష ఘాటీనే. ఖాళీగా ఉండే తెల్లవారుజామున, మలుపుల్లేని ఒక చిన్న చడావు ఎంచుకుని, మూడో గేరులో 30 నుంచి 60 దాకా ఎంతసేపు పట్టిందో పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి. నడిపేవాళ్లు ఫోను ముట్టుకోకూడదు. మూడుసార్లు చేసి మధ్యది తీసుకోండి. అదే మనుషులు, అదే పెట్రోలు. ఆ కుర్రాడి బండి రెండున్నర పైపుతో ఎక్కింది, ఒకటిముప్పావు పైపూ తిన్నటి డబ్బా వేశాక మళ్లీ ఎక్కింది. రెండుకి దించకుండా మూడులోనే పోయింది. వాళ్ల నాన్నగారు వెనక సీట్లోంచి "మాట్లాడితే వినబడుతోంది" అన్నారు. కంపెనీ సైలెన్సర్‌తో పోలిస్తే సమయంలో తేడా సెకనులో సగం కూడా లేదని ఆ కుర్రాడికి దాచకుండా చెప్పాను. అతనికి దక్కింది గొంతు. 3,500 దాటాక గొంతు విప్పినట్టు నిండుగా వస్తుంది, ఊళ్లో నెమ్మదిగా పోతే పక్కవాళ్లకి తెలియదు.

500 కిలోమీటర్లు తిరిగాక, బండి చల్లగా ఉన్నప్పుడు ఫ్లాంజ్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించండి. వేడికీ చలికీ సర్దుకుని కొంచెం వదులవుతాయి. మొదటి వర్షాకాలం అయ్యాక డబ్బా చిల్లు బురదతో మూసుకుపోయిందేమో తీగతో పొడిచి చూడండి. విప్పిన కంపెనీ సైలెన్సర్ లోపలి నీళ్లు వంపేసి, రెండు కొసలకీ గుడ్డలు కుక్కి, బోల్టులూ ప్యాకింగూ ఒక సంచిలో దానికే కట్టి, అటకమీద పొడిచోట పెట్టండి. గుడ్డలు కుక్కకపోతే కందిరీగలు గూడు పెడతాయి. మా షెడ్డులో రెండింటికి పెట్టాయి.